డిగ్రీకి ఇద్దరు

మందులగది, మిల్లు ఆవరణ
జనవరి మొదటివారం

ఒరేయ్ తమ్ముడూ,

అక్క ఆశీస్సులు. ఉత్తరం చూడగానే కొంప మునిగిందని కంగారుపడకు. మునిగితే మునిగింది లెక్కల్లోనే. చిన్నప్పుడు నీకంటే పెద్దదాన్నై ఉండి నీ చేతే నా లెక్కలు చేయించుకునేదాన్ని కదా, ఆ రోజులు మళ్ళీ వచ్చాయనుకో.

మా మేనేజరు నిన్న నన్ను పిలిపించి ఓ పని నెత్తిమీద పెట్టాడు. నిరుడు నా గదికి ఎవరెవరు ఏయే బాధతో వచ్చారో గుండ్రటి బొమ్మలో, ముక్కలు ముక్కలుగా రంగులేసి చూపించాలట. పై చార్టు అంటారట. వచ్చే నెల తనిఖీ సంఘం వస్తుంది. ఆ బొమ్మ చూసి, పెద్ద ముక్క దేనిదైతే ఈ ఏడు దానికే ఖర్చు పెడతారు. గాయాలు ఎక్కువుంటే బూట్లూ చేతి తొడుగులూ. దగ్గూ ఆయాసం ఎక్కువుంటే పిండి షెడ్డులో దుమ్ము పీల్చే ఫ్యాన్లు. రెండూ ఒకే ఏడు కుదరవన్నాడు.

నాకు ఫ్యాన్లే కావాలి. పిండి షెడ్డు నువ్వు చూడలేదు. తెల్లరాళ్ళను గోధుమపిండికన్నా మెత్తగా చేస్తారు అందులో. లోపలికెళ్ళిన నల్లటి మనిషి కూడా సున్నపు బొమ్మై బయటికొస్తాడు. మీ బావ చేసేది అందులోనే అని నీకు తెలుసుగా.

రిజిస్టరు నా దగ్గరే ఉంది. డాక్టరుగారు వారానికోసారి వస్తారు, జబ్బుకి పేరు పెట్టే హక్కు ఆయనది. నేను మాత్రం వచ్చినవాడు ఏం చెబితే అది వాడి మాటల్లోనే రాస్తాను. "లాగు వదులైపోతోంది నర్సమ్మా" అంటే అదే ఎక్కిస్తాను. మొత్తం ఏడువందల ఇరవై కేసులు. వీటిని గుండ్రంగా ఎలా కొయ్యాలో చెప్పు. ఆఫీసులో ఫోనుంది గానీ గుమాస్తా చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు, పైగా ఫోనులో బొమ్మెలా గీస్తావు?

బావ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. రోజూ మెట్లెక్కుతూ ఈల వేసేవాడు కదా, ఆ ఈల వినే నేను పొయ్యి మీద టీ నీళ్ళు పడేసేదాన్ని. "మీ లెక్కల మాస్టారు గీయడం నేర్పితే రంగులేసే పని నాది" అంటున్నాడు.

మీ అక్క

*

స్కూలు, స్టాఫ్ రూము
జనవరి మూడోవారం

అక్కా, నమస్కారం.

నీ అంకె చూసి కుర్చీలోంచి లేచి గంతేశాను. పక్కనున్న డ్రిల్లు మాస్టారు నాకు లాటరీ తగిలిందనుకున్నాడు. ఏడువందల ఇరవై! వృత్తం చుట్టూ ఉండేవి మూడువందల అరవై డిగ్రీలు. అంటే డిగ్రీకి ఇద్దరు. ఏ అంకెనైనా సగం చెయ్యి, అదే నీ కోణం. జ్వరం తొంభై ఆరుగురికి వచ్చిందనుకో, నలభై ఎనిమిది డిగ్రీలు. అంతే, బ్రహ్మవిద్యేం కాదు. నీకు సులువుగా ఉండాలని వాళ్ళంతా లెక్క చూసుకుని మరీ జబ్బు పడ్డారనిపిస్తోంది.

ఇప్పుడు గీత. వృత్తలేఖిని లేకపోతే మాత్రల డబ్బా మూత బోర్లించి చుట్టూ గియ్యి. ఆ గుండ్రాన్ని కత్తిరించి రెండుసార్లు మడిస్తే మడతలు కలిసిన చోటు నడిమధ్య. అక్కడినుంచి నిటారుగా పైకి ఒక గీత. ఆ గీత మీద కోణమానిని పెట్టి మొదటి ముక్క కొలువు. రెండో ముక్కని మళ్ళీ అదే గీతనుంచి కొలవకు, మొదటిది ఎక్కడ ఆగిందో అక్కడినుంచి కొలవాలి. మా పిల్లలు నూటికి యాభైమంది బోల్తాపడేది ఇక్కడే. అన్నీ గీశాక కోణాలు కూడి చూడు. మూడువందల అరవై రాకపోతే ఎక్కడో చెయ్యి జారినట్టు.

ఇంకొక్క నియమం, ఇది పుస్తకంలో ఉండదు, నా సొంతం. చార్టు అంచున బొటనవేలు ఆనించు. వేలికన్నా సన్నటి ముక్కలో పేరు పట్టదు, రంగు నిలవదు, చూసేవాడి కన్ను ఆగదు. నీ మూత సైజుకి ఇరవై డిగ్రీలనుకో. అంతకు లోపువన్నీ ఒక్కచోట పోగేసి "ఇతరములు" అని రాసి బూడిదరంగు వేసెయ్. బొమ్మ కడిగిన ముత్యంలా ఉంటుంది.

గీశాక నాకో నకలు పంపు. మార్కులు వేస్తాను. బావ రంగు గీత దాటితే మార్కులు కోస్తానని చెప్పు.

తమ్ముడు

*

మందులగది
ఫిబ్రవరి మొదటివారం

మాస్టారూ,

తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి నువ్వు వద్దన్న తప్పే చేశాను. అన్ని ముక్కల్నీ ఒకే గీతనుంచి కొలిచేసరికి గాయాల మీద జ్వరం, జ్వరం మీద కడుపునొప్పి ఎక్కి కూర్చున్నాయి. రెండోసారి కూడితే మూడువందల యాభై రెండే వచ్చింది. ఎనిమిది డిగ్రీలంటే పదహారుమంది కదరా, ఎక్కడ పోయారా అని ఓ పూటంతా వెతికాను. ఏమీ లేదు, పెన్సిలు మొద్దుబారింది. మూడోసారికి కుదిరింది.

నకలు ఇందులో పెట్టాను. గాయాలు తొంభై డిగ్రీలు. ఒళ్ళునొప్పులు అరవై ఆరు. జ్వరం నలభై ఎనిమిది. కడుపునొప్పి ముప్పై. మిగతావన్నీ నీ బొటనవేలి కింద పడ్డాయి, కలిపి నూట ఇరవై ఆరు. దగ్గు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. పందొమ్మిది డిగ్రీలు. వెంట్రుకవాసిలో తప్పింది. పోగులో వేయడానికి మనసొప్పలేదు. కానీ ఒకదానికి నియమం సడలిస్తే అన్నిటికీ సడలించాలి, నువ్వు నవ్వుతావని వేసేశాను. ఫ్యాన్ల సంగతి తలుచుకుంటే మాత్రం ఎక్కడో గుచ్చుకుంటోంది.

రంగులు బావే వేశాడు. బూడిదరంగు ముక్క అన్నిటికన్నా శుభ్రంగా వచ్చింది, చూడు. "ఈ రంగు నాకు అలవాటే" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆయన నవ్వితే దగ్గు తెరలు వస్తున్నాయి, అందుకని ఈ మధ్య ఇంట్లో జోకులు తగ్గించాం.

మార్కులు దండిగా వెయ్యి.

మీ అక్క

*

స్కూలు, స్టాఫ్ రూము
ఫిబ్రవరి

అక్కా,

ఈ ఉత్తరం అందేదాకా ఆ చార్టు గోడకి తగిలించకు. ముందు ఈ మాట చదివి, తర్వాత మిగతాది చదువు.

గీత బావుంది, కొలతలు బావున్నాయి, రంగు ఎక్కడా దాటలేదు. కానీ మొత్తం బొమ్మలో పెద్ద ముక్క పేరు "ఇతరములు". క్లాసులో ఎవరైనా ఇలా గీసుకొస్తే నేను ఒప్పుకోను. అన్నిటికన్నా పెద్దదానికి పేరే లేకపోతే ఆ చార్టు నోరు కుట్టేసుకున్నట్టే. పోగు పెద్దదైతే మళ్ళీ విప్పి చూడాలి, అందులో ఒకే జాతివి ఉన్నాయేమో చూసి వాటిని కలపాలి. నీకు పోగెయ్యడం చెప్పాను గానీ విప్పడం చెప్పలేదు. ఆ పోగులో ఏమేమున్నాయో ఒక్కొక్కటీ రాసి వెంటనే పంపు.

ఇంకో సంగతి. నవ్వితే దగ్గెందుకొస్తోంది? నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఈల "వేసేవాడు" అని రాశావు. ఇప్పుడు వెయ్యట్లేదా?

తమ్ముడు

*

మందులగది
మార్చి

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళి రెండురోజులైంది. అనుకున్నదానికన్నా ముందే వచ్చారు.

నలుగురు వచ్చారు. చార్టు ముందు నిలబడి "బాగా గీశారమ్మా" అన్నారు. వాళ్ళలో కళ్ళజోడాయన బూడిదరంగు ముక్క మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మేనేజరు అందుకున్నాడు. "చిల్లర బాధలండీ, పన్నునొప్పి, దురద, అలాంటివి." అబద్ధం అనడానికి లేదు, అవీ ఉన్నాయి. అప్పుడే టీ వచ్చింది. పేరున్న ముక్కల్లో పెద్దది గాయాలు కాబట్టి బూట్లూ తొడుగులూ మంజూరయ్యాయి. ఫ్యాన్లు బిగించాలంటే షెడ్డు నెలరోజులు ఆపాలి. ఆ గొడవ తప్పినందుకు మేనేజరు మొహం వెలిగిపోయింది.

నువ్వడిగిన పోగు ఇదిగో. దగ్గు ముప్పై ఎనిమిది. ఆయాసం ముప్పై ఆరు. ఛాతీలో బరువు ముప్పై నాలుగు. నీరసం ముప్పై రెండు. బట్టలు వదులవడం ఇరవై ఎనిమిది. పడుకుంటే చెమటలు ఇరవై. కళ్ళమంట ఇరవై నాలుగు. పన్నునొప్పి ఇరవై రెండు. దురద పద్దెనిమిది.

బావకి బూట్లిచ్చారు. నల్లటివి, తోలువి, లేసులు కట్టుకునేవి. వాటితోనే షెడ్డుకి వెళ్తున్నాడు. కాళ్ళు మాత్రం ఇక భద్రం. ఆయనకి కాస్త జలుబు చేసింది, అంతే. ఎండలు ముదిరితే అదే పోతుంది. అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు.

మీ అక్క

*

స్కూలు
మార్చి

అక్కా,

పన్నునొప్పి, దురద, కళ్ళమంట పక్కన పెట్టి మొదటి ఆరూ కూడాను. నూట ఎనభై ఎనిమిది. తొంభై నాలుగు డిగ్రీలు. గాయాలు తొంభై. ఫ్యాన్లే రావాలి. ఆ ఆరూ ఆరు జబ్బులు కావు, ఒక్కటే జబ్బు ఆరు నోళ్ళతో మాట్లాడింది. నువ్వు వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశావు, అది నీ పద్ధతి. నేను నా వేలు అడ్డం పెట్టి వాళ్ళందర్నీ బూడిదలో కలిపాను. ఆ నియమం పిల్లల ఆటల ఇష్టాలకీ కూరగాయల అమ్మకాలకీ పనికొస్తుంది. మనుషులకి పనికిరాదని నాకు తట్టలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళు లెక్క చూసుకుని జబ్బు పడ్డారని రాశానే, ఆ మాట చించి పారెయ్.

చేయాల్సింది చెబుతాను. ఆ నూట ఎనభై ఎనిమిది మందినే తీసుకో. వాళ్ళకి వేరే వృత్తం గియ్యి. ఈసారి ఏం బాధ అని అడగకు, ఎక్కడ పనిచేస్తారని అడుగు. యార్డా, గోడౌనా, పిండి షెడ్డా. మొత్తం మారింది కాబట్టి సగం చేయడం కుదరదు. ఒక్కో అంకెని నూట ఎనభై ఎనిమిదితో భాగించి మూడువందల అరవైతో గుణించు. గీసి మేనేజరుకీ, ఆ కళ్ళజోడాయనకీ చూపించు.

ఇక నా మీద ఒట్టు, నిజం రాయి. జలుబు మాట నేను నమ్మను. ఆ ఆరింటిలో బావ ఎందులో ఉన్నాడు? దగ్గులోనా, ఆయాసంలోనా?

తమ్ముడు

*

ఇంటి నుంచి
మే

తమ్ముడూ,

బావ ఎందులోనూ లేడు.

పోయిన వానల్లో ఓ సాయంత్రం మెట్లెక్కి వచ్చి "ఈల రావట్లేదే" అన్నాడు. గాలి పెదాలదాకా వస్తోందిగానీ మోగట్లేదట. నేను నవ్వి, వయసు మీదపడుతోంది మీకు అన్నాను. తర్వాత దగ్గు మొదలైంది. మిల్లులో ఒక అలవాటుంది. దగ్గని మూడుసార్లు నా గదికి వచ్చినవాడి పేరు ఆఫీసుకి వెళ్తుంది. "విశ్రాంతి" అంటారు, మళ్ళీ పిలవరు. అందుకే ఆయన్ని నా గది గుమ్మం తొక్కనివ్వలేదు. సిరప్పు బయట కొని ఇంట్లోనే తాగించాను. అది తెలిసి షెడ్డువాళ్ళు ఇంకొందరు కూడా మా మెట్ల మీదకే రావడం మొదలెట్టారు. మెట్ల మీద పుచ్చుకున్న మందుకి రిజిస్టరుండదు. ఏడువందల ఇరవైకి సరిగ్గా కుదిరిందని నువ్వు గంతేశావు చూడు, నా ఇంటి మనిషినే వదిలేశాను కాబట్టి కుదిరింది.

పెద్దాసుపత్రిలో ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించాం. అక్కడి డాక్టరు దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాడు. రాతిపొడి లోపల గట్టిపడిందట, కడిగితే పోయేది కాదట, ముందే షెడ్డు మానేసి ఉంటే కొంత ఆగేదట. బావ ఏమన్నాడో తెలుసా? "లోపల కూడా వెల్ల వేసేశారన్నమాట" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నువ్వు చెప్పిన రెండో చార్టు గీశాను. నూట ఎనభై ఎనిమిదిలో నూట నలభై ఒకరు పిండి షెడ్డువాళ్ళే. రెండువందల డెబ్బై డిగ్రీలు, గుండ్రంలో ముప్పావు. మొదటిదాని పక్కనే తగిలించాను. సాయంత్రానికి మేనేజరు వచ్చి చూసి, తనే జాగ్రత్తగా విప్పి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. అరవలేదు. "ఇతరములని మీరే రాశారు కదమ్మా, కింద సంతకం మీదే. వాళ్ళు చూసి వెళ్ళాక మాట మారిస్తే మీ ఉద్యోగానికే ముప్పు. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. కళ్ళజోడాయనకి పోస్టులో పంపాను. జవాబు లేదు.

ఆయన కూర్చునే నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. నిన్ను చూడాలని రెండుసార్లు అన్నాడు. నీకు రాయొద్దని కూడా ఆయనే అన్నాడు, మాస్టారికి పరీక్షల రోజులని.

మీ అక్క

*

స్కూలు
మే

అక్కా,

సెలవు పెట్టాను. శనివారానికి అక్కడుంటాను. ఇక్కడి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుతో మాట్లాడాను, తీసుకురమ్మన్నాడు. దారిలో ఇబ్బంది పడకుండా కారు మాట్లాడుకుని వస్తున్నాను. ఇక ఒక్కరోజు కూడా షెడ్డుకి పంపకు.

బావకి ఒక మాట చెప్పు. రంగు ఎక్కడా గీత దాటలేదు, మార్కులు కోయలేదు, నూటికి నూరూ వేశాను. నేను వచ్చేదాకా ఉండమను.

తమ్ముడు

*

మందులగది
ఆగస్టు

తమ్ముడూ,

నువ్వు వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. రాయకపోతే నువ్వు మళ్ళీ బస్సెక్కి వచ్చేస్తావని రాస్తున్నాను. తింటున్నాను. పనికి వస్తున్నాను. సాయంత్రం అయ్యేసరికి చెవి మెట్ల వైపే పోతోంది. ఈల వేసేవాడు లేడని తెలిసీ నిన్న టీ నీళ్ళు రెండు గ్లాసులకి పెట్టాను. ఆ రెండో గ్లాసు పారబోయలేక చల్లారిందాకా కూర్చుని ఏడ్చాను.

నువ్వు శనివారానికే వచ్చావు. ఆయనే శుక్రవారందాకా ఉండి వెళ్ళిపోయాడు. మార్కుల సంగతి చెప్పాను. నూటికి నూరా అని కళ్ళతోనే అడిగాడు. ఆ మాట నీకు ఎదురుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన బూట్లు మేనేజరు వెనక్కి పంపమన్నాడు, ఇంకొకరికి సరిపోతాయట. పంపాను. పిండి షెడ్డులో ఆయన చోటుకి వచ్చినవాడు వాటిని తొడుక్కుని నిన్న నా గదికి వచ్చాడు. ఒంట్లో ఏమీ లేదు, ఊరికే నీరసం అన్నాడు.

మెట్ల మీద మందు తీసుకున్నవాళ్ళని ఒక్కొక్కరినీ అడిగాను, రిజిస్టర్లో ఎక్కిస్తాను, ఒప్పుకోండని. ఒక్కరూ ఒప్పుకోలేదు. "మా పేరొద్దు నర్సమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నారు. వాళ్ళని నేనేమనగలను? మొగుడి పేరు దాచినదాన్ని. ఉద్యోగం పోతుందన్న భయం లేనివాడు ఇప్పుడు ఆయనొక్కడే.

అందుకని నిరుటి పేజీల చివర, అన్నిటికిందా ఆయన్ని ఎక్కించాను. పేరు, పిండి షెడ్డు, నిరుటి వానాకాలం అని రాశాను. బాధ దగ్గర డాక్టరు చెప్పిన పేరు రాయలేదు. నా పద్ధతి మానుకోలేదు, ఆయన మాటల్లోనే రాశాను. "ఈల రావట్లేదు."

తర్వాత చార్టు మళ్ళీ గీయడానికి కూర్చున్నాను. ఏడువందల ఇరవై ఒకటి. ఇక సగం చేస్తే సరిపోదు. ఛాతీ ముక్క తొంభై నాలుగు దాటి ఏదో వస్తోంది. గాయాలు తొంభై ఉండేవి, కాస్త తగ్గాయి. జ్వరం, కడుపునొప్పి, పన్నునొప్పి, ఏదీ సమంగా రావట్లేదు. ఒక్క మనిషి చేరేసరికి అందరి కోణాలూ కదిలిపోయాయి. ఆయన వాటా అర డిగ్రీ కూడా కాదు. కోణమానిని మీద అంత చిన్న గీతే లేదు.

పెన్సిలు చెక్కి చెక్కి సూదిలా చేశాను. అయినా గీత మందమే ఆయనకన్నా ఎక్కువుంది. ఆ గీతే గీసి, పక్కన ఆయన పేరు రాశాను. నీ బొటనవేలు దాని మీద పెట్టకు.

మీ అక్క